ఇంట్లో వాడే కంప్యూటర్‌కి 8 జీబీ ర్యామ్ చాలా? 16 వేయించాలా, 32 కావాలా?

లెక్కల_డెస్క్:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నాను. విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే.

నా పని అకౌంట్స్. కొన్ని చిన్న వ్యాపారాల లెక్కలు ఇంటి నుంచే చూస్తాను. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. నెలాఖరు పని మీద పడ్డప్పుడే సమస్య. రెండు మూడు పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, పక్కన స్కాన్ చేసిన బిల్లుల పీడీఎఫ్‌లు, బ్రౌజర్‌లో బ్యాంకు పేజీలు, మెయిల్, ఎప్పటివో మూయని ట్యాబ్‌లు ఓ ముప్పై. సరిగ్గా అప్పుడే క్లయింట్ వీడియో కాల్ చేసి ‘ఒకసారి ఆ షీట్ చూపించండి’ అంటారు. స్క్రీన్ షేర్ నొక్కగానే మొత్తం బిగుసుకుపోతుంది. ఎక్సెల్ తెల్లబడిపోయి పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది. నా గొంతు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. అర నిమిషం పోయాక మళ్లీ మామూలే. ఆ అర నిమిషం మాత్రం నాకు చెప్పలేనంత టెన్షన్.

ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు. ఆఫీసు పనికి 8 చాలంటారు ఒకరు. ఈ రోజుల్లో 16 లేకపోతే కంప్యూటరే కాదంటారు ఇంకొకరు. ఎలాగూ విప్పుతున్నారు కదా, 32 వేయించేసుకోండి అంటారు మరొకరు. ఎందుకు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను ఒక ఖర్చు రాయాలంటే దాని వెనక బిల్లు ఉండాలి. అలాగే ఈ అంకె వెనక కూడా ఆధారం ఏమిటో తెలుసుకోవాలని ఉంది. నా కంప్యూటర్‌కి ఎంత మెమరీ కావాలో నా కంప్యూటర్‌లోనే చూసి తేల్చుకునే దారి ఉందా?

ఫ్రేమ్‌రేట్:

అక్కా, 32 వేయించేయండి, మళ్లీ ఆ గొడవే ఉండదు. నా డెస్క్‌టాప్‌లో 32 ఉంది. గేమ్ ఏదీ ఆడకుండా, బ్రౌజర్ ఒక్కటి తెరిచి పెట్టినా 12 జీబీ వాడకం చూపిస్తుంది. అంటే ఈ కాలంలో 8తో ఏం సరిపోతుంది చెప్పండి? 16 కూడా అంచు మీద ఉన్నట్టే. ఒకసారి ఖర్చు పెడితే ఐదారేళ్లు చూసుకోనక్కర్లేదు.

పాతబోర్డు:

లెక్కల డెస్క్ గారూ, దారి ఉంది. డబ్బు పెట్టే ముందు అందరూ చేయాల్సిన పని కూడా అదే. కంప్యూటర్లు విప్పి బాగుచేయడం నా వృత్తి. ర్యామ్ తక్కువై నలిగిపోతున్న మెషీన్లు చాలా వస్తాయి. అవసరం లేకుండా ర్యామ్ నింపించుకున్నవీ అంతే సంఖ్యలో వస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఫ్రేమ్‌రేట్ తమ్ముడు చెప్పిన 12 జీబీ సంగతి. నువ్వు చూసిన అంకె నిజమే తమ్ముడూ, కానీ దాని అర్థం అది కాదు. విండోస్‌కి చోటు ఎక్కువ ఇస్తే ఎక్కువ వాడుకుంటుంది. బ్రౌజర్ కూడా చోటుంది కదా అని పాత ట్యాబ్‌లను పూర్తిగా మెమరీలోనే ఉంచుకుంటుంది. చోటు తగ్గితే వాటిలో కొన్నిటిని వదిలేస్తుంది. అదే బ్రౌజర్, అవే ట్యాబ్‌లు 8 జీబీ మెషీన్‌లో తెరిస్తే అంత వాడకం కనిపించదు. అందుకని పెద్ద మెషీన్‌లో కనిపించిన వాడకాన్ని పట్టుకుని చిన్న మెషీన్‌కి ఎంత కావాలో చెప్పలేం.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే ఉంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 80 శాతం అని కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల మనకి ఒరిగేది ఏమీ లేదు. ఈ మధ్య తెరిచిన ఫైళ్లను విండోస్ మిగిలిన ర్యామ్‌లో దాచి ఉంచుతుంది, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వడానికి. ‘క్యాష్డ్’ అని కనిపించేదాంట్లో ఎక్కువ భాగం అదే. వేరే ప్రోగ్రామ్‌కి చోటు కావాలంటే దాన్ని అప్పటికప్పుడు ఇచ్చేస్తుంది. శాతం ఎక్కువ కావడం జబ్బు కాదు.

జబ్బు ఎక్కడ మొదలవుతుందంటే, ఇప్పుడు పనిలో ఉన్న వాటికే చోటు చాలనప్పుడు. అప్పుడు విండోస్ రెండు పనులు చేస్తుంది. మొదట, కాసేపటి నుంచి ఎవరూ ముట్టని భాగాలను ర్యామ్‌లోనే నొక్కి చిన్నవి చేస్తుంది. దీన్నే కంప్రెస్డ్ అంటారు, విండోస్ 10 నుంచి ఉంది. అదీ చాలకపోతే వాటిని డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్‌లోకి పంపిస్తుంది. అటక మీదికి ఎక్కించిన సామాను లాంటిదన్నమాట. ఏడాదికోసారి వాడేది అక్కడుంటే నష్టం లేదు. గంటకోసారి నిచ్చెన వేసుకుని దించుకోవాల్సి వస్తేనే పని ఆగిపోతుంది.

ఎంత ఆగిపోతుందో చూడండి. ర్యామ్‌లో ఉన్నదాన్ని అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. మామూలు ఎస్ఎస్‌డీ నుంచి తేవాలంటే 100 మైక్రోసెకన్ల దరిదాపు, అంటే దాదాపు వెయ్యి రెట్లు. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితే 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. మీరు స్క్రీన్ షేర్ నొక్కగానే జరిగేది ఇదే అని నా అనుమానం. వీడియో కాల్ ప్రోగ్రామ్‌కి ఒక్కసారిగా చోటు కావాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు కాబట్టి అది కూడా మీ 8 జీబీలోంచే తీసుకుంటుంది. వాటికి చోటు ఇవ్వడానికి మీ ఎక్సెల్‌ని డిస్క్ మీదికి తోసేస్తుంది. మరుక్షణం మీరు అదే ఎక్సెల్ చూపించమంటారు.

అయితే ఇది అనుమానమే. మీరన్నట్టు బిల్లు చూసుకుందాం.

నెలాఖరు రోజున, మీకు ఎన్ని తెరుచుకుంటాయో అన్నీ తెరిచి ఉన్నప్పుడు, కాల్ కూడా నడుస్తున్నప్పుడు, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద అంకెలు కనిపిస్తాయి. ‘ఇన్ యూజ్’ పక్కన బ్రాకెట్‌లో ‘కంప్రెస్డ్’ ఎంతో ఉంటుంది, అది రాసుకోండి. ‘కమిటెడ్’ దగ్గర గీతకి అటూ ఇటూ రెండు అంకెలుంటాయి, రెండూ రాసుకోండి. మొదటిది ప్రోగ్రామ్‌లన్నీ కలిపి మాకు కావాలని అడిగి పెట్టుకున్న మొత్తం. రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి విండోస్ ఇవ్వగలిగిన గరిష్ఠం. కుడి పక్కన స్పీడ్ ఎంత, ర్యామ్ స్టిక్కులు పెట్టే స్లాట్లు ఎన్ని, వాటిలో ఎన్ని నిండాయి అన్నదీ అక్కడే ఉంటుంది, అదీ కావాలి.

తర్వాత స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. మెమరీ ట్యాబ్‌లో ‘హార్డ్ ఫాల్ట్స్’ అని గ్రాఫ్ ఉంటుంది. ర్యామ్‌లో దొరకక డిస్క్ దాకా వెళ్లాల్సి వచ్చిన సందర్భాలు సెకనుకి ఎన్నో అది చెబుతుంది. కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడు కాసేపు ఎగరడం మామూలే. అప్పటికే తెరిచి ఉన్న కిటికీకి మారిన ప్రతిసారీ వందల్లోకి ఎగురుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మదగ్గ సాక్ష్యం ఇదే.

కాల్ మధ్యలో ఇవన్నీ చూడటం కష్టం అనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉచిత టూల్ ఉంది. అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే కమిట్ దగ్గర ‘పీక్’ కనిపిస్తుంది. మెషీన్ ఆన్ అయినప్పటి నుంచి ఎంత ఎత్తుకి వెళ్లిందో అది గుర్తుపెట్టుకుంటుంది. పని అంతా అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

కొలిచే ముందు ఒక్కసారి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి ఆన్ చేయడం వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా లోపలి భాగం పాతదే మళ్లీ లేస్తుంది. రోజూ రాత్రి ఆఫ్ చేసేవాళ్ల మెషీన్‌లో కూడా టాస్క్ మేనేజర్ సీపీయూ పేజీలో ‘అప్ టైమ్’ వారాల కొద్దీ కనిపించేది ఇందుకే. ఏదైనా డ్రైవర్ మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వకపోతే అది అన్ని వారాలూ పేరుకుంటూ ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే పోతుంది.

మెమరీ క్లీనర్లు, బూస్టర్లు మాత్రం వేయకండి. అవి చేసేది పైన చెప్పిన క్యాష్‌ని పారబోసి, పనిలో ఉన్నవాటిని కూడా డిస్క్ మీదికి తోయడం. అంకె తగ్గి కంటికి బాగుంటుంది, పని ఇంకా నెమ్మదిస్తుంది. విండోస్ సెట్టింగుల్లో ‘మాక్సిమమ్ మెమరీ’ అనే గడిలో టిక్ పెడితే వేగం పెరుగుతుందని వీడియోలు తిరుగుతుంటాయి. అది మెమరీని పరిమితం చేయడానికి పెట్టిన గడి. ముట్టుకోవద్దు.

ఒకాయన డెస్క్‌టాప్ తెచ్చారు. నాలుగు స్లాట్లూ నిండి ఉన్నాయి, మొత్తం 64 జీబీ. అయినా ఆన్ అవడానికే చాలాసేపు పడుతోంది, ఏది నొక్కినా ఆలోచిస్తోంది. మూత తీసి చెవి దగ్గర పెడితే టకటక చప్పుడు. విండోస్ ఉన్న సి డ్రైవ్ తిరిగే హార్డ్ డిస్క్. నెమ్మదిగా ఉందని చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ర్యామ్ పెంచుతూ పోయారు. నేను డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి, రెండు స్టిక్కులు వెనక్కి ఇచ్చేశాను. మీకు ఎస్ఎస్‌డీ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. అయినా అందులో ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. నిండిపోయి ఉంటే పేజ్ ఫైల్ పెరగడానికే చోటుండదు.

అంకెలు పెట్టండి, చూద్దాం.

టెర్మినల్:

పాతబోర్డు గారు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను. లినక్స్ వాడేవాళ్ల కోసం ఒక మాట. ‘ఫ్రీ’ కమాండ్ కొట్టినప్పుడు ఫ్రీ అనే వరుస చూసి భయపడకండి, చివర్లో ఉండే ‘అవైలబుల్’ చూడండి. నిజంగా మిగిలింది అది. మా ఇంట్లో అమ్మ వాడే పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4 జీబీనే, బోర్డుకి అతికించినది, పెంచే వీల్లేదు. తేలికైన లినక్స్ వేసి, జెడ్‌ర్యామ్ ఆన్ చేశాను. స్వాప్‌ని, అంటే విండోస్‌లో పేజ్ ఫైల్‌లోకి వెళ్లే లాంటి భాగాలను, డిస్క్ మీదికి పంపకుండా ర్యామ్‌లోనే నొక్కిపెట్టే పద్ధతి అది. ఫెడోరాలో 2020 నుంచి మొదటి నుంచే ఆన్ అయి వస్తుంది. అమ్మ వార్తలు చదువుకోవడం, వీడియోలు చూడటం, మాతో కాల్ మాట్లాడటం అన్నీ జరుగుతున్నాయి. ఒకేసారి పది తెరవదు కాబట్టి సరిపోతోంది.

విండోస్ 11కి కూడా మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస ర్యామ్ 4 జీబీనే. అయితే అది ఇన్‌స్టాల్ కావడానికి చెప్పిన అంకె. దాంతో పని హాయిగా సాగుతుందని అనుకోకండి.

లెక్కల_డెస్క్:

పాతబోర్డు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. రీస్టార్ట్ చేసి, నెలాఖరు పని కూర్చుని చేస్తూ కాల్‌లో ఉన్నప్పుడే చూశాను. ఇవీ అంకెలు.

ఇన్ యూజ్ 7.1 జీబీ, బ్రాకెట్‌లో కంప్రెస్డ్ 1.3. మొత్తం 8కి బదులు 7.7 అనే చూపిస్తోంది. కమిటెడ్ 13.1, గీత తర్వాత 15.2. స్పీడ్ 3200. స్లాట్లు రెండులో ఒకటే వాడకంలో ఉంది. ఎస్ఎస్‌డీలో 90 జీబీ ఖాళీ ఉంది.

హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ కాల్ లేనప్పుడు దాదాపు నేల మీదే ఉంది. స్క్రీన్ షేర్ నొక్కి ఎక్సెల్‌కి మారగానే పైకప్పు తాకింది. బిగుసుకుపోయినంత సేపూ అలాగే ఉండి, ఎక్సెల్ మళ్లీ కదిలాక కిందికి దిగింది. మీరు చెప్పింది కళ్లారా చూశాను.

ఇంకొక విషయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా అమ్మాయి ఫోన్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటానంటోంది. ఆండ్రాయిడ్ స్టూడియో వేయాలట. ఇదే ల్యాప్‌టాప్‌లో, నా పని లేని వేళల్లో. దాని వల్ల లెక్క మారుతుందా?

వెలుగు_స్క్రీన్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఫొటోలు దిద్దడం నా పని, మ్యాక్ మీద. పని బట్టి లెక్క ఎలా మారుతుందో నా వైపు నుంచి చెబుతాను. 24 మెగాపిక్సెల్ ఫొటో డిస్క్ మీద జేపెగ్‌గా పది ఎంబీ కూడా ఉండకపోవచ్చు. తెరిచాక మెమరీలో ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, 16-బిట్‌లో ఒక్కో రంగుకి 2 బైట్లు, అంటే 6 బైట్లు. 24 మిలియన్లని ఆరుతో గుణిస్తే 144 ఎంబీ. అది ఒక్క పొర. పది పొరలైతే దాదాపు 1.4 జీబీ, వెనక్కి వెళ్లడానికి దాచుకునే అడుగులు వేరే. ఒక్క ఫొటో ఇంత తింటుంది. అందుకే ఫైలు ఎంత ఉందో చూసి ర్యామ్ అంచనా వేయకూడదు.

మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లో ‘మెమరీ ప్రెషర్’ అనే గ్రాఫ్ ఉంటుంది. పచ్చగా ఉన్నంతవరకు ఎంత వాడుతోందో పట్టించుకోనక్కర్లేదు. పసుపు తరచుగా వస్తుంటే ఆలోచించాలి, ఎరుపు వస్తే పని ఆగినట్టే. చిక్కేమిటంటే ఎం-సిరీస్ మ్యాక్‌లలో మెమరీ ప్రాసెసర్‌తో కలిసే వస్తుంది, తర్వాత పెంచడం కుదరదు. 2024 అక్టోబరులో ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస మెమరీని 8 నుంచి 16కి పెంచింది. పెంచుకునే వీలు లేని మెషీన్ కొనేవాళ్లు మాత్రం ఈ రోజు అవసరం మీద ఒక మెట్టు పైన తీసుకోవాలి. ఆ ఒక్క చోట ఫ్రేమ్‌రేట్ గారి మాటలో న్యాయం ఉంది.

ఫ్రేమ్‌రేట్:

పాతబోర్డు అన్నా, నా మెషీన్‌లో కూడా చూశాను. బ్రౌజర్ తెరిచి ఉంటే ఇన్ యూజ్ 12, కంప్రెస్డ్ సున్నా, హార్డ్ ఫాల్ట్స్ ఏమీ లేవు. పెద్ద గేమ్ నడుస్తున్నప్పుడు 19 దాకా వెళ్లింది. అంటే నాకు 16 సరిపోదు, 32 అవసరమే అనుకోవచ్చా?

పాతబోర్డు:

తమ్ముడూ, గేమ్‌తో 19 అంటే 16లో ఇరుకయ్యే అవకాశం ఉంది. ఒకటి రెండు జీబీ తేడా అయితే విండోస్ అటూ ఇటూ సర్దుకుంటుంది. అయినా గేమ్ మధ్యలో ఒక్క కుదుపు వచ్చినా నీకు చిరాకే కాబట్టి 32 నీకు తగినదే. నీ పని వేరు, అక్క పని వేరు.

లెక్కల డెస్క్ గారూ, ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నేను చాలా తక్కువ చూశాను. 7.7 అని చూపించడానికి కారణం గ్రాఫిక్స్ కోసం కొంత ముందే పక్కన పెట్టేయడం, అది లోపం కాదు. కమిటెడ్ 13.1 అంటే 13.1 జీబీ ర్యామ్ కావాలని నేరుగా అర్థం చేసుకోకండి. ప్రోగ్రామ్‌లు అడిగి పెట్టుకుని వాడకుండా వదిలేసేది అందులో చాలా ఉంటుంది. కమిటెడ్ ర్యామ్ కన్నా కొంచెం ఎక్కువున్నా మెషీన్ హాయిగా నడుస్తుంది. మీకు మాత్రం ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటింది, 1.3 జీబీ కంప్రెస్ అయి కూర్చుంది, పైగా మీరు బిగుసుకుపోతోందన్న క్షణంలోనే హార్డ్ ఫాల్ట్స్ లేచాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయి. మీ లెక్కల పని ఒక్కటే అయితే 16 జీబీకి వెళ్లండి, తీరిపోతుంది. కమిటెడ్ అంతా నిజంగా వాడినా 16లో ఇముడుతుంది, ఫైళ్ల క్యాష్‌కి కూడా కాస్త మిగులుతుంది. ఆ పనికి 32 వేస్తే సగం ఊరికే ఉంటుంది.

అమ్మాయి చదువు వల్ల లెక్క మారుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోని ఫోన్ ఎమ్యులేటర్‌తో కలిపి నడపాలంటే కనీసం 16 జీబీ ఉండాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. ఎమ్యులేటర్ అంటే ల్యాప్‌టాప్ లోపల ఇంకో ఫోన్‌ని నడపడమే. ఆ ఫోన్‌కి వేరే రెండు జీబీలో ఎన్నో కేటాయించాలి. స్టూడియో ఒక వైపు, కోడ్‌ని యాప్‌గా మార్చే గ్రేడిల్ ఇంకో వైపు మింగుతుంటాయి. నేర్చుకునే పిల్లలు పక్కన బ్రౌజర్‌లో పాఠం వీడియో కూడా పెట్టుకుంటారు. 16లో నడుస్తుంది, కానీ ఊపిరాడదు. ఒక చిట్కా ఉంది. తన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే కేబుల్‌తో కలిపి యాప్‌ని నేరుగా అందులోనే చూసుకోవచ్చు. అప్పుడు ఎమ్యులేటర్ అవసరం ఉండదు, భారం బాగా తగ్గుతుంది.

మీకు ఒక స్లాట్ ఖాళీగా ఉండటం అదృష్టం. నేనైతే అందులో 16 జీబీ స్టిక్ ఒకటి పెట్టిస్తాను. ఉన్న 8తో కలిసి 24 అవుతుంది. రెండు స్టిక్కులూ సమానంగా లేకపోతే పనిచేయవని కొందరు అంటారు, అది నిజం కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో పాత దానిలోని 8, కొత్త దానిలోని 8 జతగా డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, నడుస్తాయి, మిగిలిన 8 ఒంటరిగా నడుస్తుంది. ఇప్పుడు మీకున్నది ఒక్క స్టిక్ కాబట్టి మెమరీకి ప్రాసెసర్‌కి మధ్య ఉన్న దారి సెకనుకి 25.6 జీబీ. జత అయిన భాగంలో అది రెండింతలవుతుంది, 51.2. సొంత మెమరీ లేని మీ గ్రాఫిక్స్‌కి ఇది నేరుగా పనికొస్తుంది. రేపు ఎప్పుడైనా చాలకపోతే ఆ 8 తీసి ఇంకో 16 పెడితే 32 అవుతుంది. ఇప్పుడు కొన్నది వృథా పోదు. ఇప్పుడే 8 స్టిక్ కొంటే, రేపు పెంచాలన్నప్పుడు రెండిట్లో ఒకటి తీసి పక్కన పెట్టాల్సి వస్తుంది.

కొనే ముందు మీ ల్యాప్‌టాప్ మోడల్‌కి గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో తయారీదారు పేజీలో చూడండి. స్పీడ్ 3200 అన్నారు కాబట్టి మీ ర్యామ్ రకం డీడీఆర్4 అయ్యే అవకాశమే ఎక్కువ, డీడీఆర్5 దాని తర్వాతి తరం. అయినా ఉన్న స్టిక్ మీద చీటీ చదివి ఖాయం చేసుకోండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దూరదు, మధ్యలో ఉండే గాడి వేరే చోట ఉంటుంది. బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. ల్యాప్‌టాప్‌కి పొట్టి స్టిక్ కావాలి, సో-డిమ్ అంటారు, డెస్క్‌టాప్‌ది పట్టదు. స్పీడ్ 3200దే తీసుకోండి. తక్కువది పెడితే రెండూ ఆ తక్కువ స్పీడ్‌లోనే నడుస్తాయి.

ఇంకొకటి మీ పనికే సంబంధించినది. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ దగ్గర 32-బిట్ అని ఉందా, 64-బిట్ అని ఉందా చూడండి. 32-బిట్ ప్రోగ్రామ్ లెక్కపెట్టగలిగిన చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే, అంటే 4 జీబీ. ర్యామ్ ఎంత పెంచినా ఆ ఎక్సెల్ అంతకు మించి వాడుకోలేదు. మీ పెద్ద ఫైళ్లు ‘మెమరీ చాలడం లేదు’ అని ఎప్పుడైనా మొరాయించి ఉంటే కారణం అదే కావచ్చు. 64-బిట్‌కి మార్చుకోవడానికి వేరే డబ్బు కట్టనక్కర్లేదు. పాత యాడ్-ఇన్‌లు ఏవైనా వాడుతుంటే అవి పనిచేస్తాయో లేదో ముందే కనుక్కోండి.

లెక్కల_డెస్క్:

ఎక్సెల్ 64-బిట్టే, ఇప్పుడే చూశాను. ల్యాప్‌టాప్‌కి గరిష్ఠం 32 అని తయారీదారు పేజీలో ఉంది. చీటీ మీద డీడీఆర్4 అనే ఉంది. అయితే 16 స్టిక్ ఒకటి తీసుకుంటాను. లెక్క కుదిరింది, ఇప్పుడు ధైర్యంగా ఖర్చు రాసుకోగలను. చివరిగా ఒక్క ప్రశ్న: దీన్ని నేనే పెట్టుకోవచ్చా? వెనక మూత స్క్రూలతోనే ఉంది.

పాతబోర్డు:

పెట్టుకోవచ్చు, కష్టమేమీ కాదు. ముందు వారంటీ కాగితం చదవండి. మూత విప్పితే ఒప్పుకోని వాళ్లు ఉంటారు. తర్వాత పూర్తిగా షట్ డౌన్ చేయండి. షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ అడ్డురాదు. చార్జర్ తీసేయండి. మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. ఒంట్లో ఉండే స్టాటిక్ పోవడానికి ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని, స్టిక్‌ని అంచులతోనే పట్టుకోండి, బంగారు రంగు పళ్లను తాకకండి. గాడి చూసుకుని ఏటవాలుగా లోపలికి తోయండి. పళ్లు దాదాపు కనిపించనంతగా దిగాక కిందికి వంచితే రెండు పక్కలా క్లిప్పులు ‘టక్’ మని పట్టుకుంటాయి. ఆ చప్పుడు రాలేదంటే సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగా ఉండిపోవచ్చు, కొత్త మెమరీని బోర్డు సరిచూసుకుంటోందన్నమాట. వెంటనే ఆఫ్ చేయకండి. ఎంతసేపటికీ రాకపోతే కొత్త స్టిక్ ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత పాతది ఒక్కటే. ఏది తేడా చేస్తోందో తెలిసిపోతుంది.

లేచాక టాస్క్ మేనేజర్‌లో 24, స్లాట్లు రెండుకి రెండు అని కనిపించాలి. అక్కడితో వదిలేయకుండా ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉచిత టూల్ అది. అది కుదరకపోతే విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అయినా నడపండి. పొద్దున ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా సర్దుకుపోకండి, స్టిక్ మార్పించుకోండి. చెడ్డ స్టిక్ ఉన్న మెషీన్‌లో బ్లూ స్క్రీన్ వస్తే నయమే, కనీసం తెలుస్తుంది. ఏ చప్పుడూ లేకుండా మీ షీట్‌లో ఒక అంకె మారి సేవ్ అయిందంటే ఎప్పటికి బయటపడుతుందో చెప్పలేం. అందుకని ఈ పని నెలాఖరు దాకా ఆపకుండా, తీరిక ఉన్న వారంలో చేసుకోండి.